డాలరు మీకు ఎంతకు పడింది?

నెల్లూరు నుంచి మైపాడు రోడ్డు పట్టుకుని ఇందుకూరుపేట వైపు వెళ్తే రొయ్యల గుంటలు, గట్ల మీద కొబ్బరి చెట్లు, అక్కడక్కడా కొత్త మేడలు కనిపిస్తాయి. ఆ మేడల్లో ఏదో ఒకదాని తలుపు తట్టండి. కొడుకు కువైట్‌లో ఉంటాడు, లేదంటే కూతురు డల్లాస్‌లో ఉంటుంది, అదీ కాకపోతే అల్లుడు సింగపూర్‌లో ఉంటాడు. కాన్పుకని అమ్మ వెళ్తుంది, మనవడిని చూసుకోవాలని నాన్న వెళ్తాడు. మద్రాసులో విమానం ఎక్కాలి. ఊరగాయ ఎన్ని కిలోలు పెట్టాలి, ఎండురొయ్యలు కస్టమ్స్ వాళ్లు రానిస్తారా లేదా అని వారాల తరబడి చర్చ నడుస్తుంది. డబ్బు సంగతి మాత్రం బయల్దేరే ముందు రోజు సాయంత్రం గుర్తొస్తుంది. అప్పుడు అడుగుతారు: "అన్నా, మన ఏటీఎం కార్డు అక్కడ పనిచేస్తుందా? తీస్తే ఎంత పట్టుకుంటారు?"

ఈ రెండో ప్రశ్న గురించే ఇవాళ్టి కబుర్లు. ప్రశ్న మంచిదే, కానీ దానికి బ్యాంకులో దొరికే జవాబు సగమే. కౌంటర్లో అడిగితే "నూట పాతిక రూపాయలండీ, జీఎస్టీ అదనం" అంటారు. అబద్ధం కాదు. ఆ మాట విని మనవాళ్లు నూట పాతికే కదా అని ధీమాగా విమానం ఎక్కుతారు. అసలు పోయేది ఫీజులో కాదు, రేటులో పోతుంది. రొయ్యల రైతుకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. కిలో ధర బ్రహ్మాండంగా చెప్పిన కొనుగోలుదారు గట్టు మీద సరుకు పట్టేటప్పుడు కౌంటులో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కలో కోస్తాడు. తొంభై కౌంటు సరుకుని నూరు కౌంటు అంటాడు. ధర విని సంబరపడిన రైతు చేతికొచ్చిన డబ్బు చూసుకుని నోరెళ్లబెడతాడు. బయటి దేశపు ఏటీఎం దగ్గర జరిగేది కూడా అచ్చం ఇదే.

ఒక లెక్క దగ్గర కూర్చుని చూద్దాం. తేలిగ్గా ఉండేందుకు డాలరు బజారు ధర 90 రూపాయలు అనుకుందాం. బజారు ధర అంటే బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాల్లో కొనుక్కునే, అమ్ముకునే ధరలకి మధ్య రేటు. ఫోన్లో వెతికితే కనపడేది దాదాపు అదే. డల్లాస్‌లో ఒక తల్లి మన బ్యాంకు డెబిట్ కార్డు పెట్టి 200 డాలర్లు తీసింది. తొంభై చొప్పున 18,000 పోవాలి కదా.

ముందు ఆ మిషన్ ఎవరిదో వాళ్లు తమ ఫీజు వేసుకుంటారు. అమెరికాలో మూడు నాలుగు డాలర్లు మామూలు. థాయిలాండ్‌లోనైతే విదేశీ కార్డు పెడితే 200 పైచిలుకు బాత్‌లు తీసుకోకుండా మిషన్ కదలదు. మన లెక్కలో 4 డాలర్లు వేద్దాం. అంటే కార్డు మీద పడ్డది 204. దాన్ని వీసానో మాస్టర్‌కార్డో తన ఆ రోజు రేటుతో రూపాయల్లోకి మారుస్తుంది. వీళ్ల రేటు బజారు ధరకి చాలా దగ్గర్లో ఉంటుంది, 90.30 అనుకుందాం. 18,421 రూపాయల 20 పైసలైంది. ఇప్పుడు మన బ్యాంకు వంతు. కరెన్సీ మార్చినందుకు మార్కప్ అని ఒకటుంటుంది. మన దేశపు చాలా డెబిట్ కార్డుల మీద అది 3.5 శాతం దాకా ఉంది. అది 644 రూపాయల 74 పైసలు. తర్వాత కౌంటర్లో చెప్పిన ఆ నూట పాతిక. ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ, 138 రూపాయల 55 పైసలు. అన్నీ కూడితే 19,329.

చేతికి 200 డాలర్లు వచ్చాయి, ఖాతాలోంచి 19,329 పోయింది. అంటే డాలరు ఆమెకి 96 రూపాయల 65 పైసలకు పడింది. నూట పాతిక అన్నది 1,329 అయింది.

అదే తల్లి "ఒక్కసారే అంత ఎందుకులే, కావాల్సినప్పుడు కొంచెం కొంచెం తీసుకుందాం" అనుకుందనుకోండి. మన ఆడవాళ్ల పొదుపు బుద్ధి అలాగే చెప్తుంది, ఇంటి దగ్గర అది మంచి అలవాటు కూడా. కానీ 40 డాలర్లే తీసినా మిషన్ వాడి 4 డాలర్లు, బ్యాంకు వాళ్ల నూట పాతిక తగ్గవు. లెక్క కడితే 4,285 రూపాయలు పోతుంది. డాలరు 107కి పడింది! ఐదుసార్లు అలా తీస్తే అవే 200 డాలర్లకి ఇంకో రెండు వేల పైచిలుకు ఎక్కువ. అందుకే, తీయక తప్పనప్పుడు కాస్త పెద్ద మొత్తం ఒకేసారి తీసి భద్రంగా పెట్టుకోమంటాను.

"ఎంత పట్టుకుంటారు" అని కాకుండా "ఎంతకు పడింది" అని అడగమనేది ఇందుకే. బస్తా వడ్లు ఇంటికి చేరేసరికి ఎంతకు పడ్డాయో, గజం స్థలం రిజిస్ట్రేషన్‌తో కలిపి ఎంతకు పడిందో మనం నోటి లెక్కతో చెప్పేస్తాం. డాలరుకీ అదే లెక్క. ఖాతాలోంచి పోయిన మొత్తాన్ని చేతికొచ్చిన నోట్లతో భాగించండి. ఇద్దరి కార్డులు పోల్చాలన్నా, కార్డుని నోట్లతో పోల్చాలన్నా ఈ ఒక్క అంకె ఉంటే ఎవరి మాటలకీ పడిపోనక్కర్లేదు.

ఈ మూడున్నర శాతం గురించి తలచుకున్నప్పుడల్లా నాకు మన తీరంలోనే పైకి వెళ్తే వచ్చే మోటుపల్లి గుర్తొస్తుంది. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది, అభయ శాసనమంటారు. తుఫానుకి ఓడ కొట్టుకొచ్చి ఒడ్డున పడితే అంతకు ముందు రాజులు అందులో ఉన్న సరుకంతా లాక్కునేవాళ్లు. తాను అలా చేయననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పైకి ఒక వంతు. అంటే వందకి మూడుంబావు దాటి కాస్త. ఏ సరుకుకి ఎంతో కూడా విడిగా చెక్కించాడు. సముద్రంలో ప్రాణాలు పణంగా పెట్టి వచ్చిన వర్తకుడి దగ్గర రాజు తీసుకున్నదానికంటే, తీగల మీద క్షణంలో జరిగిపోయే పనికి మన డెబిట్ కార్డు తీసుకునేది ఎక్కువ. అంతకన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి: ఆయన దాన్ని రాతి మీద, రేవులో దిగిన ఎవరికైనా కనపడే చోట పెట్టాడు. మన మార్కప్ బ్యాంకు వెబ్‌సైట్లో ఏ మూలో ఉన్న ఛార్జీల పట్టికలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఐరోపా సమాఖ్యలో 2020 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. సమాఖ్యలోని ఒక దేశపు కార్డుని ఇంకో దేశంలో వాడినప్పుడు, కరెన్సీ మార్చే ఛార్జీ ఐరోపా కేంద్ర బ్యాంకు రేటు మీద ఎంత శాతం ఎక్కువో చెప్పాలి. అక్కడి మామూలు మనిషి శాతాన్ని శాతంతో పోల్చుకోగలడు. మనకీ అలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. డబ్బు పోయిన మరుక్షణం ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లో "డాలరు మీకు 96.65కి పడింది" అని ఒక్క ముక్క చేర్చడానికి బ్యాంకుకి ఎంత ఖర్చవుతుంది చెప్పండి?

ఇక ఏటీఎం తెర మీద జరిగే తతంగం ఒకటుంది. అది కళ్లకు కట్టినట్టు చెప్పకపోతే మీ అమ్మానాన్నలకి ఉపయోగం లేదు. కార్డు పెట్టి, పిన్ కొట్టి, 200 అని నొక్కాక డబ్బు వెంటనే రాదు. తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: మీ ఖాతాలోంచి ఇన్ని రూపాయలు పోతాయి, రేటు ఇంత, ఈ రేటు ఖాయం, ఒప్పుకుంటారా అని. కింద రెండు బటన్లు. ఒకటి కంటికింపుగా పెద్దగా, ఆకుపచ్చగా ఉంటుంది: "యాక్సెప్ట్ కన్వర్షన్". రెండోది ఓ పక్కన, కాస్త భయపెట్టేలా ఉంటుంది: "డిక్లైన్ కన్వర్షన్" అనో, "కంటిన్యూ వితవుట్ కన్వర్షన్" అనో. ఒక పెద్దమ్మ నాతో అంది, "ఏందబ్బయ్యా, మన రూపాయల్లో చూపిస్తా ఉంది గదా, మనకి తెలిసిన డబ్బు, అదే మేలు గదా?" అని. ఆ మాటలో తప్పేం లేదు. తెలిసిన భాషలో మాట్లాడే మనిషినే ఎవరైనా నమ్ముతారు. కానీ ఆ రూపాయల రేటు వీసాదీ కాదు, మన బ్యాంకుదీ కాదు, ఆ మిషన్ నడిపేవాడిది. బజారు ధర మీద 5 శాతం, ఒక్కోచోట 10 శాతం పైన కూడా వేసుకుంటాడు. దానికి ఒప్పుకున్నాక కూడా మన బ్యాంకు ఏటీఎం ఫీజు పోదు. కొన్ని బ్యాంకులు, రూపాయల్లో జరిగినా విదేశంలో జరిగిందే కదా అని ఇంకో శాతమో, ఒకటిన్నర శాతమో కలుపుతాయి.

డిక్లైన్ నొక్కితే డబ్బు రాదేమోనని భయం. వస్తుంది. వద్దన్నది రేటుని, డబ్బుని కాదు. దుకాణంలో కార్డు గీసేటప్పుడు "రుపీస్ ఆర్ డాలర్స్?" అని అడిగినా జవాబు ఒకటే: డాలర్స్. దుబాయ్‌లో దిర్హామ్స్, సింగపూర్‌లో సింగపూర్ డాలర్స్. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి డబ్బు.

కువైట్ ఇళ్లకి ఈ లెక్క అటు నుంచి ఇటు తిరుగుతుంది. కడప, రాయచోటి వాళ్లతో పాటు మన నెల్లూరు జిల్లా నుంచి కూడా డ్రైవర్లుగా, ఇంటి పనికి వెళ్లినవాళ్లు ఎందరో. వాళ్లు జీతం రాగానే ఎక్స్ఛేంజ్ దుకాణం ముందు నిలబడతారు. ఒకచోట ఫీజు దినారున్నర, రేటు 290. పక్క దుకాణంలో "ఫీజు లేదు" అని బోర్డు, రేటు 287. చేతిలో ఉన్నది 200 దినార్లు. మొదటి చోట ఫీజు పోగా 198.5 దినార్లు ఇంటికి 57,565 రూపాయలవుతాయి. ఫీజు లేని చోట 57,400. ఆ బోర్డు 165 రూపాయలు మింగింది. అదే రెండు మూడు నెలల జీతం కూడబెట్టి 500 దినార్లు పంపాడనుకోండి, తేడా వెయ్యి దాటుతుంది. ఎండలో పనిచేసి పంపే డబ్బు అది. అందుకే ఇంట్లోవాళ్లు "ఎన్ని దినార్లు పంపావురా" అని కాకుండా "దినారు ఎంతకు పడింది రా" అని అడగడం అలవాటు చేసుకోవాలి. వలస వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు మీద ఖర్చు 3 శాతం లోపుకి తేవాలని ఐక్యరాజ్యసమితి 2030కి లక్ష్యం పెట్టుకుంది. ప్రపంచం మొత్తం సగటు ఇప్పటికీ దానికి దాదాపు రెట్టింపు ఉంది.

మీకు తెలుసో లేదో, ఒకప్పుడు కువైట్‌లో మారకం బాధే లేదు. అక్కడ నడిచింది మన రూపాయే. ఆ రూపాయలతో బంగారం దొంగరవాణా ఎక్కువైందని 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేరే నోట్లు అచ్చేసింది, నంబరు ముందు జెడ్ అక్షరంతో. వాటిని గల్ఫ్ రూపాయలన్నారు. 1961లో కువైట్ సొంత దినారు తెచ్చుకుంది. అప్పటి రేటు దినారుకి పదమూడు రూపాయల ముప్పైమూడు పైసలు. తర్వాత బహ్రెయిన్ పక్కకి తప్పుకుంది. 1966 జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి డాలరుని 4.76 నుంచి 7.50కి చేసేసరికి మిగతా చోట్ల కూడా మన రూపాయిని వదిలేశారు. ఒమన్‌లో మాత్రం 1970 దాకా నడిచింది. పదమూడు రూపాయల దినారు ఇవాళ మూడొందల దరిదాపుల్లో ఉంది.

అంతకంటే పాత కథ మన నెల్లూరు పొలంలోనే దొరికింది. 1780లలో ఊరికి దగ్గర్లో ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక కుండ, కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టీనా బొమ్మలవి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఆ సంగతి రాస్తే ఏషియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట, కొన్నిటికి నగలుగా వేసుకున్న చిల్లులున్నాయట. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మాడు. చాలా భాగం కరిగిపోయింది, ముప్పై పైచిలుకు మాత్రం నవాబు దగ్గరికి చేరాయి. పాపం ఆ రైతుకి ఎంతకు పడిందో అడిగి చెప్పేవాళ్లెవరున్నారు? తూకం వేసినవాడు చెప్పిందే రేటు. ఆ రైతు మీద నాకు ఇప్పటికీ బాధే.

సరే, సూట్‌కేసు దగ్గరికి వద్దాం. ఏం పట్టుకెళ్లాలి అంటారా, నా మాట ఇది. మొదటి వారానికి సరిపడా నోట్లు నెల్లూరులోనే, రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్ల దగ్గర రెండు మూడు చోట్ల అడిగి తీసుకోండి. విమానాశ్రయం కౌంటరు దాకా ఆగొద్దు, అక్కడి రేటు సాధారణంగా అన్నిటికంటే ఘోరం. ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకానే విదేశీ నోట్లు ఇస్తారు, మిగతాది కార్డు మీదే. ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుంటే, రేటు లోడ్ చేసిన రోజే ఖాయమైపోతుంది. ఇది నిశ్చింతే, కానీ ఆ లోడ్ రేటులోనే బ్యాంకు లాభం కలిసి ఉంటుంది. దాన్నీ ఆ రోజు బజారు ధరతో పోల్చి చూడాలి. డాలర్లు నింపిన కార్డుని దారిలో దుబాయ్‌లో గీకితే మళ్లీ ఒక మారకం ఛార్జీ. తిరిగొచ్చాక మిగిలిన డాలర్లని వెనక్కి మార్చుకుంటే కొనుగోలు రేటుతో ఇంకోసారి కోత. మార్కప్ లేని డెబిట్, క్రెడిట్ కార్డులు కూడా ఇప్పుడు మన దేశంలో వచ్చాయి. తరచూ వెళ్లేవాళ్లకి అవే నయం. అయితే మార్కప్ లేదన్నంత మాత్రాన ఏటీఎం ఫీజు లేదని కాదు, అదెంతో కూడా అడగండి.

క్రెడిట్ కార్డు మీద నగదు మాత్రం ప్రాణం మీదికొస్తే తప్ప తీయొద్దు. తీసినందుకు రెండున్నర శాతం దాకా ఫీజు, మార్కప్ వేరే, పైగా వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.

ఇంకో చిక్కు. మన పల్లెల్లో చాలామంది దగ్గర ఉన్నది దేశం లోపల మాత్రమే చెల్లే రూపే కార్డు. బయట పనిచేసే రూపే కార్డు వేరే ఉంటుంది, బ్యాంకులో అడిగి మార్చుకోవాలి. ఏ కార్డైనా సరే, 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన వల్ల, విదేశీ వాడకం మనం ఆన్ చేసుకుంటేనే ఆన్ అవుతుంది. యాప్‌లో చేసుకోవచ్చు, లేకపోతే శాఖకి వెళ్లి చేయించుకోవాలి. ఏటీఎంలో రోజుకి ఎంత తీయొచ్చో ఆ పరిమితి కూడా అప్పుడే పెట్టించుకోండి. శ్రీలంక, మారిషస్ వెళ్లేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి అక్కడి దుకాణాల్లో మన యూపీఐ నడుస్తోంది, నోట్ల అవసరం కొంత తగ్గుతుంది. ఇక డెబిట్ కార్డు మీద, ఫారెక్స్ కార్డు మీద బయట పెట్టే ఖర్చంతా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలోకి వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ ఖర్చు ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటితే టీసీఎస్ అనే పన్ను పట్టుకుంటారు. మనవడిని చూడ్డానికి వెళ్లే అమ్మమ్మకి దాంతో పనిలేదు.

ఒక్కోసారి మిషన్ గరగరమని తిరిగి, నోట్లు రాకుండానే ఖాతాలో డబ్బు పోయిందని మెసేజ్ వస్తుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కొద్దు. స్లిప్పు వస్తే దాచండి, రాకపోతే మిషన్ మీద రాసున్న పేరు, నంబరు, టైము ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఫిర్యాదు ఆ మిషన్ వాళ్లకి కాదు, మన బ్యాంకుకే ఇవ్వాలి. ఇచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో రాసుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. వెళ్లే ముందు ఈ సంగతి మీ అమ్మకి చెప్పి, ఫిర్యాదు ఇవ్వాల్సిన బ్యాంకు నంబరు ఆమె ఫోన్లో మీరే ఎక్కించి పంపండి.